రెండు గడపల సంసారం: డాక్టర్ శ్రీపతి చంద్రశేఖర్

బెంగాల్–నాగపూర్ రైల్వే కాలం నుంచి బిలాస్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి పట్టాల పనికి, లోకోషెడ్డు పనికి తరలిపోయిన కుటుంబాలు అక్కడ తరతరాలుగా స్థిరపడినాయి. ఆ పట్టణంలో మంగ్లా వంటి పేటలలో కాపురముంటున్న తెలుగు ఇండ్లలోనూ నేడు ఒక కొత్త చర్చ వినవస్తున్నది. తాతలు ఇచ్ఛాపురం దాటి బిలాస్‌పూర్ చేరడమే పెద్ద ప్రయాణమనుకున్న ఇండ్లలో, మనుమలు సముద్రాలు దాటి అక్కడి అమ్మాయిలను అక్కడే వివాహమాడుతున్నారు. పెండ్లి ఎట్లాగూ జరిగిపోతున్నది. పెద్దలను బాధిస్తున్నవి ఆ తర్వాతి సందేహాలు. ఈ దంపతులు రేపు ఇక్కడికి రాదలచుకుంటే దారి ఉంటుందా? ఇక్కడ కొన్నాళ్లుండి మళ్లీ అక్కడికి పోదలచుకుంటే తలుపు మూసుకుపోతుందా? ఏ దేశం కాగితం ముందు తీసుకోవాలి, ఏ దేశం కాగితం వదులుకోరాదు?

ఈ సందేహాలు మనవారికి కొత్తవే కాని, లోకానికి పాతవి. వీటిని తన జీవితంలో ఎదుర్కొనడమేకాక, తన శాస్త్రానికి విషయంగా చేసుకున్న తెలుగువాడు ఒకాయన ఈ రాజధానిలో మంత్రిపదవి నిర్వహించారు. ఆయన డాక్టర్ శ్రీపతి చంద్రశేఖర్. కుటుంబ నియంత్రణ మంత్రిగా ఆయన పేరు పాతతరంవారికి గుర్తుండవచ్చు. మనుషుల వలసలను గురించి జీవితాంతం ఆలోచించిన పండితుడని మాత్రం చాలామందికి తెలియదు.

చంద్రశేఖర్ 1918 నవంబరులో రాజమండ్రిలో జన్మించారు. వెల్లూరులోని వూర్హీస్ పాఠశాలలో చదువుకుని, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అర్థశాస్త్రం అభ్యసించారు. అటు పిమ్మట అమెరికా వెళ్లి, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో భారతదేశ జనాభా సమస్యపై పరిశోధన చేసి, 1944లో డాక్టరేటు పొందారు. లోకమంతా రెండవ ప్రపంచయుద్ధంలో మునిగి ఉన్న రోజులవి. మనదేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. అమెరికాలోని భారతీయ విద్యార్థి బ్రిటిష్ ప్రజగా పాస్‌పోర్టు పట్టుకుని తిరిగేవాడు. చదువుకొనడానికి అతనికి అడ్డులేదు. స్థిరపడడానికి మాత్రం వీలులేదు.

ఆ వీలులేనితనం ఎంతటిదో నేటి యువకులకు ఊహకందదు. 1917 నాటి అమెరికా వలసచట్టం ఆసియాలో అధికభాగాన్ని ఒక గీతగీసి వెలివేసింది. ఆ గీతలో మనదేశం పడినది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ సైనికుని వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు చట్టం దృష్టిలో శ్వేతజాతివారు కారనీ, కనుక పౌరసత్వానికి అర్హులు కారనీ తీర్పు చెప్పింది. అప్పటికే పౌరులైనవారి నుంచి కూడా పౌరసత్వం వెనక్కు లాగుకొనడానికి ప్రభుత్వం వ్యాజ్యాలు వేసింది. 1940 జనాభా లెక్కలనాటికి ఆ మహాదేశంలో మిగిలిన భారతీయులు 2,405 మంది మాత్రమే.

ఈ నిషేధం పురుషునితో ఆగలేదు, అతనిని పెండ్లాడిన స్త్రీనీ తాకింది. పరదేశీయుని వివాహమాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్ని కోల్పోతుందని 1907 చట్టం శాసించింది. స్త్రీలు ఓటుహక్కు సంపాదించిన తర్వాత, 1922లో కేబుల్ చట్టం ఆ కాఠిన్యాన్ని సడలించింది. అయితే అందులో ఒక మెలిక మిగిలినది. పౌరసత్వానికి అనర్హుడైన పరదేశీయుని, అనగా ఆసియావాసిని పెండ్లాడిన స్త్రీకి ఆ సడలింపు వర్తించదు. వంగదేశపు విప్లవకారుడు తారకనాథ్ దాస్ 1914లోనే అమెరికా పౌరుడైనవాడు. 1924లో ఆయన మేరీ కీటింగ్ మోర్స్ అనే అమెరికన్ వనితను వివాహమాడాడు. ఆమె అక్కడ పుట్టి పెరిగిన స్త్రీ, స్త్రీల హక్కుల కోసం, నీగ్రోలని నాడు పిలువబడిన వారి హక్కుల కోసం పనిచేసిన వ్యక్తి. అయినా థిండ్ తీర్పు ప్రకారం భర్త అనర్హుడు కనుక ఆమె కూడా పరదేశీయురాలేనని ప్రభుత్వం తేల్చింది, పాస్‌పోర్టు నిరాకరించింది. పుట్టిన దేశం విడువకుండానే ఆమె ఏ దేశానికీ చెందనిదైపోయింది. ఈ మెలికను 1931లో గాని చట్టం నుంచి తొలగించలేదు.

మన తెలుగువారి కథలలోనే మరొకటి ఇక్కడ తలచుకోవలసి ఉన్నది. చంద్రశేఖర్ పుట్టిన రాజమండ్రిలోనే బాల్యంలో చదువుకున్న డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. ఆయనది విదేశీ వివాహం కాదు. భార్య శేషగిరిని స్వదేశంలో వదిలి వెళ్లారు. కొద్దికాలపు ఎడబాటనుకున్నది పాతికేళ్లు సాగి, ఆ దంపతులు తిరిగి కలుసుకోలేదు. లోకానికి మహౌషధాలను ప్రసాదించిన ఆ మహనీయుడు 1948లో న్యూయార్కులో అమెరికా పౌరసత్వం పుచ్చుకొనకుండానే కన్నుమూశారు. ఒకరిది స్వదేశంలో మిగిలిపోయిన భార్య కథ, మరొకరిది స్వదేశంలోనే విదేశీయురాలైన భార్య కథ. దేశాల సరిహద్దు సంసారం నడుమ నుంచి పోయినప్పుడు ఆ బరువు ఎక్కువగా పడినది ఇల్లాలిమీదనేనని ఈ రెండూ చెప్పుచున్నవి.

యువ చంద్రశేఖర్ ఈ పరిస్థితులను గ్రంథాలలో చదివి తెలుసుకున్నవాడు కాదు, వాటి మధ్యనే నివసించినవాడు. 1944లో ఆయన అమెరికాలో భారతీయుల వలసను గురించి ఒక పరిశోధన పత్రికలో వ్యాసం ప్రకటించారు. నిషేధాన్ని తొలగించాలని జె. జె. సింగ్ వంటి ప్రవాస భారతీయులు వాషింగ్టన్‌లో కాంగ్రెసు సభ్యుల గడపలు తొక్కుతున్న కాలమది. 1946లో ‘ఇండియాస్ పాపులేషన్’ అనే ఆయన గ్రంథం న్యూయార్కులో వెలువడినది. ఆ సంవత్సరమే జూలై 2వ తేదీన అధ్యక్షుడు ట్రూమన్ లూస్–సెల్లర్ చట్టంపై సంతకం చేశారు. దానితో భారతీయులకు పౌరసత్వార్హత లభించినది. వలసకు సంవత్సరానికి నూరుమంది చొప్పున కోటా ఏర్పడినది. నలభైకోట్ల జనాభాగల దేశానికి నూరుగురు! కోటా నామమాత్రమే అయినా, అనర్హుడన్న ముద్ర చెరిగిపోవడం గొప్ప మార్పు.

మరుసటి సంవత్సరం, 1947లో, చంద్రశేఖర్ మిల్‌డ్రెడ్ ఆన్ డౌన్స్ అనే అమెరికన్ యువతిని వివాహమాడారు. తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తేగాని ఆ వివాహం ఎంతటి సందులో జరిగిందో తెలియదు. ఇరవై ఏళ్ల ముందైతే వధువు ఆనాడే తన పౌరసత్వాన్ని కోల్పోయేది. రెండేళ్ల ముందైతే వరుడు ఏనాటికీ అక్కడి పౌరుడు కాజాలకపోయేవాడు. 1947లో ఈ రెండు అడ్డంకులూ లేవు. అయితే మూడవది ఉన్నది. వర్ణాంతర వివాహాలను నిషేధించే చట్టాలు అప్పటికింకా అనేక అమెరికన్ రాష్ట్రాలలో అమలులో ఉన్నవి. కాలిఫోర్నియాలో ఆ నిషేధాన్ని అక్కడి ఉన్నత న్యాయస్థానం 1948లో కొట్టివేసినది. దేశమంతటా అది అంతరించినది 1967 జూన్‌లో, లవింగ్ దంపతుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తర్వాతనే. ఒక రాష్ట్రంలో దంపతులైనవారు పొరుగు రాష్ట్రంలో నేరస్థులు కాగల రోజులలో ఆ ఇరువురూ జీవితాన్ని ఆరంభించారు.

నేటి లెక్కలో అయితే అమెరికన్ భార్య, అమెరికన్ డాక్టరేటు, కొత్తగా తెరుచుకున్న పౌరసత్వపు తలుపు చేతిలో ఉన్న యువకుడు ఏమి చేస్తాడో చెప్పనక్కరలేదు. చంద్రశేఖర్ తన భార్యతో స్వదేశానికి వచ్చారు. పారిస్‌లో యునెస్కో జనాభా పరిశోధన విభాగాన్ని నిర్వహించారు, అన్నామలై, బరోడా విశ్వవిద్యాలయాలలో ఆచార్యత్వం చేశారు. 1950లో భారత జనాభా అధ్యయన సంస్థను స్థాపించారు, 1957లో ‘పాపులేషన్ రివ్యూ’ అనే పత్రికను ప్రారంభించారు. ఆ దంపతులకు ముగ్గురు కుమార్తెలు. మన దేశంలో పసికందుల మరణాలను గురించి, కమ్యూనిస్టు చైనా జనాభాను గురించి ఆయన గ్రంథాలు వ్రాశారు.

ఆయన గ్రంథాలన్నింటిలో మన విషయానికి దగ్గరిది 1954లో లండన్‌లో ప్రచురితమైన ‘హంగ్రీ పీపుల్ అండ్ ఎంప్టీ లాండ్స్’. కొన్ని దేశాలలో మనుషులు కిక్కిరిసి ఆకలితో అలమటిస్తూ ఉండగా, మరికొన్ని దేశాలలో భూములు విశాలంగా ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీ భూములకు కాపలాగా వర్ణభేదపు చట్టాలు నిలబడి ఉన్నాయి. జనాభాను అదుపులో ఉంచుకొనడం పేదదేశాల బాధ్యత అయితే, తలుపులు కొంతైనా తెరవడం సంపన్న దేశాల బాధ్యత అని ఆయన వాదన సారాంశం. వలస ఒక్కటే జనాభా సమస్యను తీర్చగలదని ఆయన భ్రమపడలేదు. అయితే పుట్టిన చోటును బట్టి, మేనిరంగును బట్టి మనిషి కదలికను నిషేధించడం న్యాయం కాదని నమ్మారు.

ఇంతకూ తలుపులు మూసిన దేశం అమెరికా ఒక్కటేనా? మన ఢిల్లీ కూడా పరదేశీ కోడళ్లను అనుమానంగా చూచిన సందర్భాలున్నవి. భారత విదేశాంగ సర్వీసు అధికారులు విదేశీయులను వివాహమాడరాదన్న నిబంధన ఉండేది. తదుపరి కాలంలో రాష్ట్రపతి అయిన కె. ఆర్. నారాయణన్ 1951లో బర్మా దేశీయురాలు మా తింత్ తింత్‌ను వివాహమాడుటకు ప్రధాని నెహ్రూ ప్రత్యేకంగా అనుమతించవలసి వచ్చినది. ఆమె ఉషగా మారి, భారత పౌరురాలై, రాష్ట్రపతి భవన్‌లో ప్రథమ మహిళగా నివసించారు. చంద్రశేఖర్ ప్రభుత్వోద్యోగి కాకపోవడంవల్ల ఆయనకు ఈ చిక్కు కలుగలేదు. 1964లో రాజ్యసభకు వచ్చిన ఆయనకు 1967లో ఇందిరాగాంధీ తన మంత్రివర్గంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖను అప్పగించారు. పార్లమెంటు సభ్యుడు భారత పౌరుడై ఉండితీరాలి. మన రాజ్యాంగం 9వ అధికరణం ద్వంద్వ పౌరసత్వానికి తావివ్వదు. అమెరికన్ వనితకు భర్త అయి ఇరవై ఏళ్లు గడిచిన తర్వాత కూడా ఆయన భారత పౌరుడిగానే ఆ ఆసనంపై కూర్చున్నారన్నమాట. వర్ణాంతర వివాహ నిషేధం అమెరికాలో అంతరించిన సంవత్సరమూ, ఆయన ఇక్కడ మంత్రి అయిన సంవత్సరమూ ఒకటే.

మంత్రిగా ఆయన చేసిన పనులు వివాదాలు లేనివి కావు. శస్త్రచికిత్స చేయించుకున్న పురుషునికి ట్రాన్సిస్టర్ రేడియో బహూకరించాలన్న యోచన, గాంధీజీ శతజయంతి సందర్భంగా దంపతులు ఏడాదిపాటు బ్రహ్మచర్యం పాటించాలన్న సూచన పత్రికలవారికి పరిహాస వస్తువులైనాయి. 1968లో నిరోధ్ చౌకధరకు దేశమంతటా అంగళ్లకు చేరినది. గర్భస్రావాన్ని నేరాల జాబితా నుంచి తప్పించి వైద్యుల చేతికి అప్పగించే బిల్లు ఆయన హయాంలో పార్లమెంటు ముందుకు వచ్చి, 1971లో చట్టమైనది. రహస్యంగా నాటుమందులకు బలి అవుతున్న స్త్రీలకు ఆ చట్టం రక్షణ కల్పించినది. బాలికల వివాహ వయస్సు పెంచాలని కూడా ఆయన పట్టుబట్టారు. 1978లో అది పద్దెనిమిదేళ్లకు పెరిగినది.

అయితే ఈ జీవితంలో ఒక వైరుధ్యం ఉన్నది. దానిని దాటవేయడం న్యాయం కాదు. సంవత్సరానికి నూరుగురన్న కోటాలో మనిషిని ఒక అంకెగా చేసిన చట్టాలను ఖండించిన పండితుడు, స్వదేశంలో లక్ష్యాలు, శిబిరాలు, బహుమానాలతో నడిచిన కార్యక్రమానికి సారథి అయ్యారు. అక్కడ కూడా మనిషి ఒక అంకెయే. ఆయన పదవి వదిలింది 1970లో. 1975–77 నాటి అత్యవసర పరిస్థితిలో జరిగిన బలవంతపు శస్త్రచికిత్సలకు ఆయనను బాధ్యుని చేయలేము. కాని లక్ష్యాలకై పరుగు అలవాటైన యంత్రాంగం ఏనాడు ఏ త్రోవ త్రొక్కుతుందో చెప్పడం కష్టం. బిలాస్‌పూర్ వాసులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. 2014 నవంబరులో వారి పట్టణపు శివార్లలో జరిగిన ఒక శిబిరంలో కొద్ది గంటలలో 83 మంది స్త్రీలకు శస్త్రచికిత్సలు జరిపారు. వారిలో పదిమందికి పైగా మరణించారు. గుమ్మం లోపల దంపతుల విషయమైనా, సరిహద్దు వద్ద దంపతుల విషయమైనా, ప్రభుత్వం ముందుగా అంకెను చూచి ఆ తరువాత మనిషిని చూచినప్పుడు జరిగే అనర్థం ఒకే విధంగా ఉంటుంది.

పదవి వీడిన అనంతరం చంద్రశేఖర్ 1975 నుంచి 1978 వరకు అన్నామలై విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్నారు. ఆ పిమ్మట ఆయన జీవితం అమెరికా తీరానికి మళ్లినది. అప్పటికి అక్కడి చట్టం మారిపోయినది. 1952లో పౌరసత్వానికి జాతిభేదపు అడ్డు పూర్తిగా తొలగినది. 1965 అక్టోబరులో దేశాలవారీ పాత కోటాలను రద్దుచేసి, పౌరుల భార్యాభర్తలను సంఖ్యా పరిమితి నుంచి మినహాయించారు. నూరుగురి కోటాను గురించి చర్చలు చూచిన వ్యక్తి, విమానాల నిండా దిగుతున్న భారతీయ వైద్యులను, ఇంజనీర్లను చూడగలిగారు. 1982లో ఆయన సంపాదకత్వంలో ‘ఫ్రమ్ ఇండియా టు అమెరికా’ అన్న సంపుటం వెలువడినది. ముప్పది ఎనిమిదేళ్ల క్రితం యువకునిగా తాను వ్రాసిన విషయానికే వృద్ధాప్యంలో తిరిగి వచ్చారు. కెనడా, ఆస్ట్రేలియా, మారిషస్‌లకు తరలిన భారతీయులను గురించి కూడా అదే వరుసలో గ్రంథాలు వచ్చినాయి. వలసవెళ్లిన వారి చరిత్రను వారి పిల్లలు మరచిపోకుండా వ్రాసి ఉంచాలన్నది ఆయన తపన. 2001 జూన్ 14న కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో ఆయన కన్నుమూశారు. ఆయన వివాహమాడిన సంవత్సరంలో వర్ణాంతర వివాహాలను నిషేధించిన రాష్ట్రమే అది.

ఈ జీవితం నుంచి మంగ్లాలోని తల్లిదండ్రులు గ్రహించదగినది ఏమిటి? చంద్రశేఖర్ వివాహంతోనే ఒక దేశానికి రాజీనామా ఇవ్వలేదు. పని ఎక్కడ ఉంటే అక్కడ సంసారం చేశారు. అది సాధ్యమైనదంటే ఆయన తెలివి ఒక్కటే కారణం కాదు. వివాహంవల్ల స్త్రీ పుట్టిన దేశాన్ని కోల్పోరాదన్న సూత్రం అప్పటికి చట్టంలో చేరి ఉండడం కారణం. ఆ సూత్రానికి మేరీ దాస్ వంటివారు మూల్యం చెల్లించారు.

నేటి చట్టాలు మన పిల్లలకు అంతకన్న అనుకూలంగా ఉన్నవి, అయితే అజాగ్రత్తను క్షమించవు. చంద్రశేఖర్ మంత్రిగా ఉండగానే, 1969లో, మన పార్లమెంటు విదేశీ వివాహాల చట్టం చేసినది. దాని ప్రకారం వధూవరులలో ఒకరు భారత పౌరులైతే చాలు, విదేశంలోని మన రాయబార కార్యాలయంలో వివాహాధికారి ఎదుట, ముప్పది రోజుల నోటీసుతో వివాహం జరుపుకొనవచ్చు. అక్కడి చట్టం ప్రకారం జరిగిన వివాహాన్ని రిజిస్టరు చేయించుకొనవచ్చు. అట్లు రిజిస్టరై, రెండేళ్లు ఎడతెగక నిలిచిన వివాహమైతే, భారత పౌరుని విదేశీ భార్య లేక భర్త ప్రవాస పౌరుల కార్డుకు దరఖాస్తు చేసుకొనవచ్చును. ఆ కార్డు ఉన్నవారు ఇక్కడ ఎంతకాలమైనా ఉండవచ్చు, ఉద్యోగం చేయవచ్చు. ఓటు ఉండదు, రాజ్యాంగ పదవులు ఉండవు. పూర్తి పౌరసత్వం కావలసినవారు ఏడేళ్ల నివాసం తర్వాత అడగవచ్చు.

అమెరికావైపు, 1986 నుంచి అక్కడి ప్రభుత్వం కొత్త దంపతులకు ముందు రెండేళ్ల షరతు నివాసం మాత్రమే ఇస్తున్నది. ఆ గడువు చివర వివాహం నిజమైనదేనని నిరూపించవలసి ఉంటుంది. అక్కడి పౌరసత్వం పుచ్చుకున్న మరుక్షణం మన పౌరసత్వం తనంతట తానే పోతుంది. పాత పాస్‌పోర్టును తిరిగి అప్పగించవలసి ఉంటుంది. కనుక తొందరపడి ప్రమాణం చేయకుండా, వివాహ పత్రాలను రెండు దేశాలలోనూ చెల్లుబాటయ్యేటట్లు చూచుకుని, ఏ అధికారి ముందూ ఒక మాటకు మరొక మాట పొంతనలేకుండా చెప్పకుండా ఉన్నవారికి రెండు దారులూ చాలాకాలం తెరిచే ఉంటాయి. వీసా కోసమే పెండ్లి చేసుకున్నవారికి మాత్రం రెండూ మూసుకుంటాయి, మూసుకోవాలి కూడా.

చంద్రశేఖర్ లెక్కల మనిషి. మనుషులను లక్షలలో, కోట్లలో కొలవడం ఆయన వృత్తి. అయినా ఆయన జీవితంలో అన్నిటికన్న దీర్ఘమైన అధ్యాయం 1947లో మొదలై ఆయన మరణం వరకు, ఐదు దశాబ్దాలు దాటి, నిలిచిన ఒక్క సంసారం. అది మద్రాసులోనూ సాగినది, ఢిల్లీలోనూ సాగినది, కాలిఫోర్నియాలోనూ సాగినది. దేశాలు ఆ కాలంలో చట్టాలను అనేక పర్యాయాలు మార్చుకున్నవి. దంపతులు తమ మాట మార్చుకోలేదు. బిలాస్‌పూర్ నుంచి కుమారుని పెండ్లికి దూరదేశం ప్రయాణమవుతున్న తల్లి తన సంచిలో పత్రాలను ఒకటికి రెండుసార్లు సరిచూచుకోవలసిందే. కోడలి ముఖం చూచేటప్పుడు మాత్రం ఆ సంచిని పక్కన పెట్టడం మంచిది.